మాలిస్‌కి ఒక ఉదాహరణ

వినాయక చవితి మర్నాడు పొద్దున్న భానుమూర్తి మాస్టారు చెంబు పట్టుకుని పెరట్లోకి వెళ్లేసరికి పందిరి మీద ఆనపకాయ లేదు.

అది కూరకి ఉంచిన కాయ కాదు. ఆయన భార్య వర్ధనమ్మ విత్తనానికని వదిలిపెట్టిన కాయ. ఎస్. రాయవరంలో ఆవిడ పుట్టింటి నుంచి, తల్లి చేతి మీదుగా వచ్చిన రకం. పొట్టి మెడ, గుండ్రటి పొట్ట, లోపల వెన్నలాంటి కండ. ఉగాది వెళ్లాక పాదు పెట్టి, కాసిన కాయలన్నీ వీధిలో పంచిపెట్టి, అన్నిట్లోకీ నిండుగా ఉన్న ఒక్కదానికి ఎర్ర గుడ్డపేలిక కట్టి, "దీని జోలికి ఎవరూ రాకండి, ఇది వచ్చే ఏటి పాదు" అని అందరికీ వినబడేలా చెప్పింది. శ్రావణమాసంలో ఆవిడకి జ్వరం తగిలింది. విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకువెళ్లినా నిలవలేదు.

ఆవిడ పోయాక కూడా కాయ తన పని తాను చేసుకుంటూనే ఉంది. ఆకుపచ్చ తగ్గి, లేత పసుపు తిరిగి, పైతోలు గట్టిపడుతూ వచ్చింది. మాస్టారు రోజూ పొద్దున్నే దాన్ని గోటితో మీటి చూసేవారు. చప్పుడు డొల్లబారుతున్నకొద్దీ, ఈ ఇంట్లో ఒక్క పనైనా సవ్యంగా సాగుతోందని ఆయనకి తోచేది.

తీగ తెగలేదు. తొడిమ దగ్గర కత్తితో శుభ్రంగా కోసి ఉంది. మాస్టారు ఆ కోత వైపు కాసేపు చూసి, ముఖం కడుక్కుని, లోపలికి వచ్చి కాఫీ తాగారు.

"అక్కా, ఆనపకాయ నువ్వు కోశావా?"

అక్కగారు శారదాంబ తమ్ముడికి వండిపెట్టడానికని దినాల నుంచి అక్కడే ఉండిపోయింది. "నేనెందుకు కోస్తానురా? విత్తనపు కాయ కోసి వండుకు తినేంత మతి పోయిందనుకున్నావా?" అంటూ పెరట్లోకి వెళ్లింది. ఖాళీ పందిరి చూసింది. గోడ పక్కనున్న రుబ్బురోలు ఎక్కి అవతలికి తొంగిచూసింది. చూసి, దిగి, బుగ్గ నొక్కుకుంది.

"ఒరేయ్ భానూ! పక్కింటి దేవుడమ్మ గుమ్మానికి వేలాడుతోందిరా మన కాయ. ఎర్ర పేలికతో సహా!"

దేవుడమ్మ ఏజెన్సీ కొండల నుంచి దిగే చింతపండూ జీడిపిక్కలూ కొని సంతలో అమ్ముకునే మనిషి. భర్త లేడు. కొండబాబు అని ఒక్కడే కొడుకు, వాణ్ణి ఇంటర్మీడియట్ దాకా చదివించింది. నర్సీపట్నంలో ఆ వీధికి మాస్టారు కాపురం వచ్చిన దగ్గర్నుంచీ దేవుడమ్మకీ వర్ధనమ్మకీ గోడ మీద యుద్ధమే. కోళ్లు ఇటొచ్చాయని ఒకసారి, తూము నీళ్లు అటొచ్చాయని ఒకసారి. చవితి వస్తే మరీను. పెంకు మీద రాయి పడ్డం, వర్ధనమ్మ తలుపు తీసుకుని వీధి వీధంతా మారుమోగేలా తిట్టడం ఏటేటా ఉన్న బాగోతమే. మాస్టారు లోపల తల దించుకుని కూర్చునేవారు. "నలుగురూ వింటారు. మాస్టారి భార్యవి, ఏమిటా నోరు?" అని ఒకటి రెండుసార్లు మెల్లిగా అన్నారు కూడా. "మీకు తెలియదు, ఊరుకోండి" అనేది ఆవిడ.

ఈసారి చవితికీ రాళ్లు పడ్డాయి. దీపాలు పెట్టే వేళ పెంకు మీద ఒకటి దొర్లింది. కాసేపాగి ఇంకొకటి. ఏటిసూతకం ఉన్న ఇల్లు కనక పండగా పబ్బం లేవు. మాస్టారు అరుగు మీదికి వచ్చి, చీకట్లోకి చూసి, వీధి పిల్లలనుకుని లోపలికి వెళ్లిపోయారు.

"అడుగు" అంది శారదాంబ. "వెళ్లి, ఇదేం బుద్ధే అని అడుగు."

"అడిగితే ఏమొస్తుందక్కా?"

"కాయ వస్తుంది!"

ఆయన సంచీ తీసుకుని స్కూలుకి వెళ్లిపోయారు.

ఊరుకుంటే ఊరుకున్నకొద్దీ దేవుడమ్మ ఇంకా పెచ్చుమీరింది. తన వాకిలి తుడిచిన చెత్తంతా తెచ్చి మాస్టారి గుమ్మం ఎదర పోసింది. చింతపిక్కలు గోడ మీంచి ఇటు విసిరింది. మాస్టారు బయటికి వెళ్తుంటే అరుగు మీద నించుని, దగ్గి మరీ తన ఉనికి చాటుకునేది. మాస్టారు గొడుగు మీద చూపు నిలిపి నడిచిపోయేవారు. చెత్త ఆయనే ఎత్తి పారబోసేవారు.

ఇదంతా ఎదురింటి మన్మథరావు కంటపడింది. అతను ప్లీడరు గుమాస్తా. మాస్టారి దగ్గర చదువుకున్నవాడు. ఇంగ్లీషంటే ప్రాణం. కోర్టు కాగితాల్లో నచ్చిన మాట కనబడితే రెండు రోజులు దాన్ని నోట్లో పెట్టుకు చప్పరించేవాడు.

"మాస్టారూ, ఇది దొంగతనం కాదండి" అన్నాడు, ఆ సాయంత్రం అరుగు మీద చేరి. "దొంగైతే దాచుకుంటాడు. ఈవిడ గుమ్మానికి కట్టింది. పోనీ తినడానికా అంటే ముదిరిన కాయ, ఏం తింటుంది? తనకి కాణీ లాభం లేదు. మీరు రోజూ చూసి బాధపడాలి, అంతే. దీన్నేమంటారో మీరే మాకు చెప్పారు. మాలిస్. క్లియర్ మాలిస్!"

మాస్టారు అరుగు మీద పడి ఉన్న చింతపిక్క ఏరి అవతల పారేశారు.

"నేను పెటిషన్ టైపు కొడతాను. మీరు సంతకం పెట్టండి, చాలు. 'విత్ మాలిస్' అని పడిందంటే ఎస్సైగారు కుర్చీలోంచి లేవాల్సిందే. ఇంకోటండి. కొండబాబుకి కండక్టరు ఉద్యోగం వచ్చింది కదా, పోలీసు వెరిఫికేషన్‌కి ఈ వారంలోనే మనిషి వస్తాడు. ఈలోగా కాగితం స్టేషన్‌కి చేరితే దేవుడమ్మ కాళ్లబేరానికి రాదూ?"

"కుర్రవాడి ఉద్యోగం పోతుందేమో."

"పోతే మనదా తప్పు? అయినా కాగితం చూడగానే ఆవిడే వచ్చి కాయ మీ కాళ్ల దగ్గర పెడుతుందండి. అక్కడిదాకా వెళ్లనిస్తుందా!"

"ఆలోచిస్తాను" అన్నారు మాస్టారు. ఆయన కాదనకపోవడం అక్కగారికీ మన్మథరావుకీ వింతగానే తోచింది. ఆయనకీ వింతగానే ఉంది. ఖాళీ పందిరి చూసినప్పుడల్లా లోపల ఏదో బిగుసుకుంటోంది. దాని పేరు కోపమే అయి ఉండాలనుకున్నారు ఆయన. ఎవరి మీదైనా కోపం వచ్చి చాలా కాలమైంది, గుర్తుపట్టడానికి వ్యవధి పట్టింది.

ఆ మర్నాడు టెన్త్ క్లాసు పాఠంలో సరిగ్గా ఆ మాటే తగిలింది. పొరుగువాడి గడ్డివాముకి నిప్పు పెట్టిన ఒకడి కథ. మాస్టారు మాటని బోర్డు మీద రాసి కింద గీత గీశారు.

"మాలిస్. జాగ్రత్తగా వినండి. ఆకలేసి ఒకడు మీ దొడ్లో జామకాయ కోసుకు తిన్నాడు, అది దొంగతనం. మీరు కొట్టారని వాడూ కొట్టాడు, అది కోపం. చూడకుండా మీ మొక్క తొక్కేశాడు, అది అజాగ్రత్త. ఇవేవీ కావు. తనకి లాభం లేదు, తొందర లేదు, ఆకలి లేదు. మీరు ఏడుస్తుంటే చూడాలని మీ చెట్టు కొట్టేశాడు. ఆ బుద్ధిని మాలిస్ అంటారు."

"మా పెదనాన్న లాగండి" అన్నాడు వెనక బెంచీలోంచి దేవుళ్లు. క్లాసు గొల్లుమంది.

"ఇంట్లో పెద్దవాళ్లని ఉదాహరణల్లోకి లాగకూడదు."

"తెలుగులో ఏటంటారండీ?"

"దుర్బుద్ధి అనొచ్చు. కక్ష అనొచ్చు."

"కుళ్లు అనొచ్చాండీ?"

"అనొచ్చు. కానీ కుళ్లుబోతు మనసులో కుళ్లుకుని ఊరుకోవచ్చు. దీనికి చెయ్యి కూడా ఉంటుంది." మాస్టారు సుద్దముక్క తిప్పుతూ ఆగారు. "వాడుక చూడండి. మనం కక్ష కడతాం, మనసులో పెట్టుకుంటాం. ఇంగ్లీషువాళ్లు దీన్ని మోస్తారు. బేర్ మాలిస్ అంటారు."

"బరువేస్తే దింపీసుకోవచ్చు గదండీ" అన్నాడు దేవుళ్లు.

"దింపుకోవచ్చు. బుద్ధిమంతులు దింపుకుంటారు. నువ్వు ముందు ఆ గోళీలు కింద పెట్టు."

"ఓ సొంతవాక్యం రాయండి మేస్టారూ" అన్నారు ముందు వరసవాళ్లు.

మాస్టారు బోర్డు వైపు తిరిగారు. 'మా పొరుగావిడ' అన్నంత వరకూ ఇంగ్లీషులో రాశారు. సుద్ద అక్కడ ఆగింది. వాక్యం ఆయన తలలో తయారుగానే ఉంది. వ్యాకరణం తప్పు లేదు. చెప్పిన అర్థానికి అణువంత కూడా తేడా లేకుండా అతుకుతుంది. అయినా ఒక మనిషి గురించి అంత మాట రాసేముందు ఆ మనిషిని ఒక్కసారైనా అడగలేదని గుర్తొచ్చింది. రాసినది చేత్తో తుడిచేశారు.

"రేపు రాస్తాను" అన్నారు.

ఇంటికి వచ్చేసరికి మన్మథరావు అరుగు మీదే ఉన్నాడు. మూడు కార్బన్లు పెట్టి కొట్టిన పెటిషన్ మాస్టారి చేతికిచ్చాడు. మాస్టారు అలవాటు కొద్దీ కలం తీసి ఒక స్పెల్లింగు దిద్దారు. 'విత్ మాలిస్' దగ్గర కలం నిలిచింది.

"సంతకం కింద, కుడివైపునండి."

"ఒకసారి ఆవిడతో మాట్లాడి వచ్చి పెడతాను."

"ఆవిడతోనా!" అంది శారదాంబ లోపల్నుంచి. "ఏడాది తిరక్కుండా ఒకరి గుమ్మం ఎక్కకూడదురా."

"ఎక్కనులే. వీధిలో నించుంటాను."

కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లారు. సాయంకాలపు ఎండ ఇంకా పెంకుల మీద ఉంది. దేవుడమ్మ అరుగు మీద కత్తిపీట ముందేసుకుని చింతపండులో పిక్కలు తీస్తోంది. నెత్తిన, గుమ్మానికి తాడుతో వేలాడుతూ ఆనపకాయ. ఎర్ర పేలిక గాలికి ఊగుతోంది. దాన్ని అంత దగ్గర్నుంచి చూసేసరికి మాస్టారు వీధిలోనే ఆగారు.

దేవుడమ్మే తలెత్తింది. చూసి, చేతులు చీరకి తుడుచుకుని గబగబా మెట్లు దిగింది. ఎదురుగా వచ్చి, కొంగు బిగించి, తల వంచి నించుంది. ముఖంలో భయం లేదు. ఎప్పట్నుంచో ఎదురుచూస్తున్న బస్సు వచ్చినట్టు ఉంది.

"వచ్చీసినారా మేస్టారండీ! ఇన్నాళ్లకి! కానీయండి, బేగి కానీయండి."

"ఏమిటి కానివ్వాలి?"

"తిట్టండి."

మాస్టారికి అర్థం కాలేదు.

"తిట్టండి బాబూ. నోటికెంతొస్తే అంత తిట్టండి. మా అమ్మనీ అత్తనీ కూడా కలుపుకుని తిట్టీయండి. నానేటీ అనుకోను."

"దేవుడమ్మా, నేను తిట్టడానికి రాలేదు. ఆ కాయ ఎందుకు కోశావో అడుగుదామని వచ్చాను."

ఆవిడ ముఖం వాడిపోయింది. అక్కడే మెట్టు మీద కూలబడింది. "ఓలమ్మో! ఇంకా తిట్టరా! నాను మరేటి సెయ్యాలండీ? మీ ఇంటికి నిప్పెట్టమంటారా?"

"అసలేమిటి సంగతి? మొదట్నుంచీ చెప్పు."

ఆవిడ చెప్పింది. చవితి నాడు నక్కపల్లిలో కూతురింటి నుంచి వస్తోంది. పొద్దు కుంకే వేళకి నర్సీపట్నంలో బస్సు దిగింది. "తలెత్తినానో లేదో, కొండల మీద ఎదరే ఉన్నాడండి సెందురుడు. కొడవలి లాగ. కళ్లు మూసుకునీలోగా సూసీసినాను. సవితి సెందురుణ్ణి సూసినోళ్లకి సెయ్యని తప్పుకి నింద వస్తాది గదండీ."

"కథ విని నెత్తిన అక్షతలు వేసుకుంటే పోతుందంటారు కదా."

"అది మీ ఇళ్లలోనండి. మాకు కతలెవులు సదువుతారు? మా పెద్దలు సెప్పింది ఒకటే. ఎవులిదో ఓ వస్తువు ముట్టుకునో, పెంకు మీద రాయేసో, ఆళ్ల సేత తిట్లు తినీయాల. రావలసిన నింద ఆ తిట్లలో కొట్టుకుపోతాది. ఈ ఈదిలో ఎవులు సందమామని సూసినా మీ ఇంటి మీదే రాయేసీవోలు. వర్ధనమ్మగారి తిట్టంటే తిట్టేనండి! అంత పదునున్న తిట్టు ఈ సుట్టుపక్కల లేదు."

మాస్టారు గొడుగు కర్ర మీద రెండు చేతులూ ఆనించారు. "ఆవిడకి తెలుసా, ఎందుకు వేస్తున్నారో?"

"తెలవకేటండీ! సవితి సాయంత్రం తలుపెనకాల కాసుకు కూకునీది. రాయి పడ్డమే పాపం, 'ఎవర్తివే నువ్వు, నీ చెయ్యి జెర్రి కుట్టా, నీ దుంప తెగా' అని ఎత్తుకునీది. ఎనక తరాల్ని ఒక్కళ్లని వదిలీది కాదు. తిట్టి తిట్టి ఆకర్ని, 'నీ ఇల్లు బంగారం గానూ' అనీసి తలుపేసీది. మర్నాడు నాను గుప్పెడు జీడిపప్పు అట్టుకెళ్తే, 'ఏమే, నిన్న బాగా తగిలాయా?' అని నవ్వీది. సాలలేదంటే ఇంకో నాలుగు తిట్టీది."

ఇన్నేళ్లూ లోపల తల దించుకు కూర్చున్నది అక్కర్లేని సిగ్గుతోనని మాస్టారికి అప్పుడు తెలిసింది. మీకు తెలియదు, ఊరుకోండి. ఆవిడ విసుగుతో అన్న మాట అనుకున్నారు. ఉన్న సంగతే చెప్పింది.

"ఈ ఏడు రాయేసినాను. పలకలేదు. ఇంకో రాయేసినాను. మీరొచ్చి సూసి, లోపలికెల్లిపోయినారు. మావోడికి ఉద్యోగం వచ్చీ యేళ. పోలీసోలొచ్చి అడుగుతారంట. ఇప్పుడు గానీ ఏ నిందైనా పడితే ఆడి బతుకేటయిపోద్ది? అందుకే అమ్మగారి ఎర్ర పేలిక కాయ కోసీసినాను. ఇది పోతే రాయైనా నోరిప్పుద్దనుకున్నాను. మీరిప్పలేదు. గుమ్మానికి కట్టినాను, సెత్త పోసినాను, పిక్కలిసిరినాను. అబ్బే! ఏటి మనిషండీ మీరు?"

"కాయ తిరిగి ఇచ్చేసి ఉండవచ్చు కదా."

"తిట్టకముందే ఇచ్చీస్తే ఇంకేటి ఫలితమండీ?" అంది ఆవిడ, ఇంత చదువుకున్న మనిషికి ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

మాస్టారి చెయ్యి జేబు మీదికి వెళ్లింది. చెయ్యని తప్పుకి రావలసిన నింద ఎక్కడో చంద్రుడి దగ్గర లేదు. మూడు కార్బన్ల మీద టైపయి, స్పెల్లింగు దిద్దుకుని, ఆయన గుండె మీద మడత పెట్టి ఉంది. లాభం లేదు, ఆకలి లేదు, దాపరికం లేదు. తనూ మన్మథరావూ చెప్పిన లక్షణాలన్నీ ఈ మనిషిలో ఒక్కటి తప్పకుండా కనిపించాయి. ఆ దుర్బుద్ధి ఒక్కటి మాత్రం లేదు.

"తిడతాను" అన్నారు మాస్టారు.

దేవుడమ్మ లేచి మళ్లీ తల వంచి నించుంది. మాస్టారు గొంతు సవరించుకున్నారు. రెండు భాషలు ముప్పై ఏళ్లుగా ఆయన చేతిలో ఉన్నాయి. ఒక్క మాట కదలలేదు.

"నువ్వు... నువ్వు చేసిన పని ఏమీ బాగులేదు."

ఆవిడ తలెత్తి చూసింది. "అయిపోనాదా?"

"నీకు బుద్ధి లేదు."

"అది బళ్లో పిల్లలకి సెప్పీ మాటండీ. తిట్టేటి అది? నాకు సీమ కుట్టినట్టైనా లేదు."

గోడ అవతల రుబ్బురోలు మీద నించుని ఇదంతా వింటున్న శారదాంబ ఇక ఉండబట్టలేకపోయింది. "తప్పుకోరా భానూ, నేను తిడతాను. ఏమే దేవుడమ్మా, నీ చేతులు విరగా..."

"మీ తిట్టు సెల్లదమ్మా. మీరు సుట్టపు సూపుగా వచ్చినోరు. ఇంటోళ్ల తిట్టు గావాల."

"నా తిట్టు చెల్లదా! నా తిట్టు చెల్లదుటే! వయసొచ్చి ఏం లాభం, ఎవరి తిట్టు ఏమిటో తెలియని మొహమూ నువ్వూనూ! మా విజయనగరంలో నేను నోరు తెరిస్తే..."

"ఇప్పుడు బాగున్నాదమ్మా! ఇలాగ తిట్టాల మేస్టారండీ, సూడండి!" అంది దేవుడమ్మ. శారదాంబ నవ్వాపుకోలేక పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. దేవుడమ్మా నవ్వేసింది. మాస్టారికి కూడా నవ్వొచ్చింది. శ్రావణం నుంచి రాని నవ్వు, కొంచెం తుప్పు పట్టి ఉంది.

"నాకు వ్యవధి కావాలి దేవుడమ్మా. ఆలోచించుకుని తిడతాను."

"ఆలోసించుకుని తిట్టీదేటండీ!" అని గునిసింది గానీ, కాసేపటికి మెత్తబడింది. "సరే. తిడతానని మాటిచ్చినారు. మేస్టారి మాట. అంతవరకూ ఆ సెందురుడూ ఆగుతాడు."

కత్తి తెచ్చి తాడు కోసి, కాయ ఆయన చేతుల్లో పెట్టింది. మాస్టారు చెవి దగ్గర పెట్టుకుని కదిపారు. లోపల గింజలు గలగలమన్నాయి. దేవుడమ్మ గుమ్మం ఎండకి ఉందేమో, తన పందిరి మీదకన్నా బాగా ఎండింది.

మన్మథరావు అరుగు మీద ఎదురుచూస్తున్నాడు. కాయ చూసి, "వచ్చేసిందా! చెప్పానా, కాగితం చూపిస్తే చాలని" అన్నాడు.

"చూపించలేదు." మాస్టారు మడత విప్పి అతని చేతిలో పెట్టారు. "నీ ఇంగ్లీషు బాగుంది మన్మథరావూ. మాట కూడా మంచి మాటే. ఇక్కడికి సరిపోదు."

"పోనీ, 'మిస్‌చీఫ్' అని మార్చమంటారా?"

"వద్దు."

"మరి ఇంత పెటిషన్ ఏం చెయ్యమంటారండీ?"

"దాచుకో. ఎప్పుడైనా ఎక్కడైనా ఆ మాట నిజంగా కావలసివస్తే చూసి రాసుకోవచ్చు."

మన్మథరావు కాగితం తిప్పి తిప్పి చూసుకున్నాడు. "మీరు ఎవరి మీదో ఒకరి మీద నోరు విప్పుతారు కదా అని కొట్టానండి" అన్నాడు చివరికి, ఆయన వైపు చూడకుండా. "అమ్మగారు పోయిన దగ్గర్నుంచీ మీరు ఏమీ అనడం లేదు. చూడలేకపోయాను."

మాస్టారు అతని భుజం మీద చెయ్యి వేశారు. "లోపలికి రా. కాఫీ తాగి వెళ్లు" అన్నారు.

ఆ వారంలోనే కానిస్టేబులు వచ్చాడు. కొండబాబు గురించి పక్కింటివాళ్లని అడగాలి గనక మాస్టారి అరుగు మీదే కూర్చున్నాడు. కుర్రాడు ఎలాంటివాడు, చెడు సావాసాలున్నాయా అని అడిగాడు. మంచివాడనీ, పదేళ్లుగా తన కళ్ల ముందు పెరిగాడనీ మాస్టారు చెప్పారు.

"పక్కపక్క ఇళ్లు గదండీ. తగువులేమైనా ఉన్నాయా?"

"ఉన్నాయి. చవితి తగువులు."

కానిస్టేబులు ఆ చుట్టుపక్కలవాడే. "ఓ, అవా!" అని నవ్వి, "మా ఇంటి మీదా పడ్డాయండి రెండు రాళ్లు. మా ముసల్ది చెవుడు, తిట్టలేకపోయింది, పాపం వాళ్లెవరో ఏమయ్యారో" అంటూ పెన్సిలు చెవి మీద దోపుకుని లేచాడు.

క్లాసులో మాస్టారు బాకీ ఉంచిన సొంతవాక్యం, కాయ తిరిగొచ్చిన మర్నాడే రాశారు. ఆవిడ ఎవరి మీదా మాలిస్ మోయలేదు, అని. అక్షరాలు పెద్దవి చేసి, వెనక బెంచీకి కనబడేలా.

"ఎవులండీ ఆవిడ?" అన్నాడు దేవుళ్లు.

"మా వీధిలో ఒకావిడ" అన్నారు మాస్టారు. వర్ధనమ్మ అనుకున్నా తప్పు కాదు, దేవుడమ్మ అనుకున్నా తప్పు కాదు. వాక్యం రెండు విధాలా నిలుస్తుందని చూసుకున్నాకే సుద్ద కింద పెట్టారు.

ఆ తరవాత వచ్చిన ఉగాదికి కాయ పగలగొట్టి, గింజల్లో సగం దేవుడమ్మకిచ్చారు. అటొక పాదు, ఇటొక పాదు లేచాయి. గోడ మీదికి వచ్చేసరికి ఏ తీగ ఎవరిదో తెలియకుండా కలిసిపోయాయి. కొండబాబు చింతపల్లి బస్సులో కండక్టరయ్యాడు. ఘాటీ ఎక్కి దిగివచ్చే రోజుల్లో మాస్టారికి పనసకాయలూ అడ్డాకులూ తెచ్చిపడేసేవాడు. వాడికి పెళ్లయింది. శారదాంబ విజయనగరం వెళ్లిపోయినా, తన తిట్టు చెల్లనందుకు దేవుడమ్మ మీద ఏటా ఒక కార్డు ముక్క రాసి మరీ విసుక్కునేది.

చవితి చవితికీ దేవుడమ్మ గోడ దగ్గరికి వస్తుంది. "మేస్టారండీ, నా తిట్టేదండీ?" అంటుంది. మాస్టారు సాధన చెయ్యకపోలేదు. పెరట్లో ఎవరూ లేనప్పుడు పందిరి కింద నించుని 'నీ చెయ్యి జెర్రి కుట్టా' అని చూశారు. పాఠం అప్పజెప్పినట్టు వచ్చింది. 'నీ దుంప తెగా' అన్నారు. అదీ అంతే. 'నీ ఇల్లు బంగారం గానూ' ఒక్కటే కాస్త దారిలో పడింది. కానీ ముందు నాలుగు తిట్లు తిట్టకుండా చివరిది ఒక్కటీ అనడం పద్ధతి కాదని మానుకున్నారు.

ఎనభై అయిదులో ఆయన రిటైరయ్యారు. ఆ ఏడు కూడా పందిరి మీద నిండుగా ఉన్న కాయ చూసి ఎర్ర పేలిక కట్టారు. పక్కన దేవుడమ్మ కూడా ఒకదానికి కట్టింది. ఈసారి తప్పకుండా తిడతానని ఆయన అన్నారు. ఆవిడ సరేనంది.

దేవుడమ్మని భానుమూర్తి మాస్టారు ఇంకా తిట్టలేదు.